ఇంజెక్షన్లన్నీ అయిపోయాయి, మరి ఆదివారం పోలియో చుక్కలు మళ్ళీ ఎందుకు?

మీరు రాసింది మొత్తం చదివా అమ్మా. పాపకి 14 నెలలు, ప్రైవేటు డాక్టర్ దగ్గర ఆరు జబ్బులకి కలిపి వేసే ఇంజెక్షన్ మూడు డోసులూ అయిపోయాయి, అందులో పోలియో కూడా ఉందని కార్డు మీద రాసుంది. ఇప్పుడేమో ఆశా వర్కర్ వచ్చి ఆదివారం బూత్‌కి తీసుకురమ్మని చెప్పి వెళ్ళింది, మీ వారేమో చుక్కల వల్లే పోలియో వస్తోందని ఆఫీసు గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్ చూపించి వద్దంటున్నారు, పైగా మీ అనుమానం ఏంటంటే ఇదంతా కింద వాచ్‌మన్ పిల్లల్లాంటి వాళ్ళ కోసం పెట్టింది కదా, అన్నీ వేయించుకున్న మనకెందుకు అని. జవాబు ముందే చెప్పేస్తా, వేయించండి. ఎందుకో చెప్పాలంటే మాత్రం కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను డాక్టర్ని కాదు. 1991లో ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళో టీకాలు వేసే నర్సుగా చేరి, తర్వాత సూపర్‌వైజర్ అయ్యి, రంగారెడ్డి జిల్లాలోనే తిరిగి తిరిగి 2022లో రిటైర్ అయ్యా. ఎన్ని వేల నోళ్ళలో చుక్కలు వేసానో లెక్క లేదు. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, పాప పడుకున్నాక తీరిగ్గా చదువుకోండి.

పోలియో అనగానే అందరికీ కాలు చచ్చుబడటమే గుర్తొస్తుంది. ఆ వైరస్ అసలు కాపురం ఉండేది పేగుల్లో. దొడ్డికి వెళ్ళినప్పుడు బయటికి వస్తుంది, కలుషితమైన నీళ్ళతోనో, సరిగ్గా కడగని చేతులతోనో, మట్టిలో ఆడి నోట్లో పెట్టుకున్న వేలితోనో ఇంకొకరి నోట్లోకి వెళ్తుంది, మళ్ళీ ఆ పేగుల్లో పెరుగుతుంది, వారాల తరబడి దొడ్డిలో పడుతూనే ఉంటుంది. దీంట్లో తమాషా ఏంటంటే సోకిన వాళ్ళలో చాలామందికి అసలు ఏమీ తెలియదు, కొంతమందికి రెండ్రోజులు జ్వరం, గొంతు నొప్పి, వాంతులు, అంతే, మామూలు జ్వరం అనుకుని ఊరుకుంటారు. దాదాపు 200 మందికి సోకితే ఒక్కరిలో అది నరాల్లోకి దిగి కాలో చెయ్యో పడిపోతుంది, అలా పడిపోయిన వాళ్ళలో నూటికి 5 నుంచి 10 మంది ఊపిరి తీసుకునే కండరాలు పనిచేయక చనిపోతారు. అంటే ఒక బస్తీలో ఒక పిల్లాడి కాలు పడిపోయిందని మనకి కబురు వచ్చేసరికి, ఆ చుట్టుపక్కల ఓ రెండొందల మంది కడుపుల్లోంచి అది తీరిగ్గా నడిచి వెళ్ళిపోయిందన్నమాట. ఆ పిల్లాణ్ణి విడిగా పెడితే ఆగే జబ్బు కాదు ఇది. అమ్మవారు, అంటే మశూచి అయితే ఒళ్ళంతా కనపడుతుంది, ఎవరికి వచ్చిందో తెలుసు, వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళకి టీకా వేసి ఆపేసారు. దీనికి ఆ వీలు లేదు.

ఇప్పుడు మీ పాపకి పడిన ఇంజెక్షన్ సంగతి. అందులో ఉండేది చంపేసిన వైరస్, మూడు రకాలదీ ఉంటుంది. అది రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్‌ని పట్టి ఆపే కాపలావాళ్ళని తయారు చేస్తుంది, కాబట్టి రేపు నిజం వైరస్ పాప కడుపులోకి వెళ్ళినా రక్తంలోంచి నరాలదాకా పోలేదు, పాప కాళ్ళకి ఢోకా లేదు. ఇందులో రెండో మాట లేదు, మీ డాక్టర్ గారు చేసింది కరెక్టే. కానీ ఆ యాంటీబాడీలు పేగు గోడ మీద పెద్దగా ఉండవు. అంటే దొంగ ఇంట్లోకి రాలేడు గానీ మన అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుని, కొన్నాళ్ళు ఉండి, పక్కింటికి వెళ్ళగలడు. మీ పాప హాయిగా ఆడుకుంటూనే ఉంటుంది, డయపర్‌లోంచి మాత్రం వైరస్ బయటికి పోతూ ఉంటుంది.

చుక్కలు పనిచేసే తీరు వేరు. అందులో ఉండేది బతికున్న వైరసే, కాకపోతే బలం తీసేసినది. ఆల్బర్ట్ సాబిన్ అని అమెరికా సైంటిస్టు దాన్ని కణాల్లో మళ్ళీ మళ్ళీ పెంచి పెంచి, పేగుల్లో బాగా పెరిగేలా, నరాల్లో మాత్రం పెరగలేకుండా ఏరి తీసాడు. 1960ల్లో అక్కడ పంచదార బిళ్ళ మీద వేసి పంచేవారు. ఇది నోట్లో పడగానే నిజం వైరస్ వెళ్ళే దారిలోనే వెళ్ళి పేగుల్లో కొన్ని వారాలు పెరుగుతుంది, దానికి పేగు గోడ మీదే యాంటీబాడీలు తయారవుతాయి. మా ట్రైనింగుల్లో నేను ఆశాలకి చెప్పేదాన్ని, పండగ రోజు ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకుంటాం చూడండి, అలా చుక్కల మందు ముందే ఎక్కి సీట్లన్నీ ఆపేస్తుంది, వెనకాల వచ్చే అసలు వైరస్‌కి కూర్చోడానికి చోటుండదు, దిగి వెళ్ళిపోవాల్సిందే అని. తర్వాత్తర్వాత రుమాలు తీసేసినా పేగు గోడ మీద కాపలా కొన్నాళ్ళు మిగులుతుంది, అది తగ్గుతూ వస్తుంది కాబట్టే మళ్ళీ మళ్ళీ వేస్తారు.

ఇది నేను పుస్తకం చూసి చెప్తున్నా అనుకోకండి, ఇజ్రాయెల్లో జరిగింది. వాళ్ళు 2005 నుంచి చుక్కలు ఆపేసి ఇంజెక్షన్ ఒక్కటే వేస్తున్నారు, పిల్లల్లో దాదాపు అందరికీ పడుతుంది. 2013లో దక్షిణం వైపు ఊళ్ళ మురుగునీళ్ళు పరీక్ష చేస్తే పోలియో వైరస్ దొరికింది, ఒకసారి కాదు, నెలల తరబడి దొరుకుతూనే ఉంది. ఒక్క పిల్లాడి కాలూ పడిపోలేదు, ఎందుకంటే ఇంజెక్షన్ కాపాడింది, కానీ వైరస్ మాత్రం ఆ ఆరోగ్యంగా ఉన్న పిల్లల కడుపుల్లోంచే హాయిగా తిరిగింది. చివరికి ఆ ఏడాది ఆగస్టులో తొమ్మిదేళ్ళలోపు పిల్లలందరికీ మళ్ళీ చుక్కలు వేసారు, అప్పటికే ఇంజెక్షన్లన్నీ పూర్తయిన పిల్లలకే. మీరు అడిగిన ప్రశ్నే అక్కడి తల్లులూ అడిగి ఉంటారు.

చుక్కల్లో ఇంకో సంగతి కూడా ఉంది, చాలామందికి తెలియదు. మందులోని వైరస్ కూడా దొడ్డిలోంచి బయటికి వస్తుంది, అది ఇంట్లో తమ్ముడికో పక్కింటి పాపకో అంటుకుంటే వాళ్ళకీ చుక్కలు పడినట్టే కొంత రక్షణ వస్తుంది. మరుగుదొడ్లు లేని ఊళ్ళలో జబ్బు ఏ దారిలో పాకేదో మందు కూడా ఆ దారిలోనే పాకిందన్నమాట. బూత్‌కి రాని పిల్లలకి కూడా ఎంతో కొంత అందింది అలాగే.

మరి ఇన్ని డోసులెందుకు అంటారా. అమెరికా లాంటి చోట మూడు డోసులు సరిపోయినట్టు మన దగ్గర సరిపోవు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ టి. జేకబ్ జాన్ గారని పెద్దాయన, మన దేశపు పిల్లల్లో ఒక్కో డోసు పట్టేది తక్కువ అని మొదట్నుంచీ గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయనొకరు. మన పిల్లల పేగుల్లో అప్పటికే వేరే వైరస్‌లు, విరేచనాలు, సరైన తిండి లేకపోవడం, ఇవన్నీ ఉంటే చుక్కల మందు పెరగడానికి చోటు దొరకదు, అంటే సీట్లు ఇంకెవరో ఆపేసారన్నమాట. ఉత్తరప్రదేశ్‌లో అయితే మరీ ఘోరం, అక్కడ ఒక్కో డోసు పనిచేసేది నూటికి పది మందిలోపే అని 2006లో లెక్క తేలింది. అందుకే అక్కడ పిల్లలకి ఎనిమిది, పది డోసులు వేయాల్సి వచ్చింది.

పల్స్ పోలియో అని పేరు పెట్టింది కూడా అందుకే. ఏడాది పొడుగునా ఒక్కొక్కరికి ఒక్కోరోజు వేస్తే ఎప్పుడూ ఎవరో కొందరి పేగులు ఖాళీగానే ఉంటాయి, వైరస్ ఒకరి దగ్గర్నుంచి ఒకరికి దూకుతూ బతికేస్తుంది. అదే ఊరంతా, జిల్లా అంతా, దేశమంతా ఒకేసారి ఐదేళ్ళలోపు పిల్లలందరికీ, అంతకుముందు ఎన్ని పడ్డాయి అని చూడకుండా వేసేస్తే దానికి దూకడానికి చోటుండదు. అప్పట్లో నెలా నెలన్నర తర్వాత మళ్ళీ ఇంకో దెబ్బ వేసేవాళ్ళం, మొదటిసారి పట్టని వాళ్ళ కోసం. మొదటిసారి దేశమంతా వేసింది 1995 డిసెంబర్ 9న, రెండో విడత 1996 జనవరి 20న. అప్పుడు మూడేళ్ళలోపు వాళ్ళకే, తర్వాతి ఏడు నుంచి ఐదేళ్ళు చేసారు. ఆ మొదటి రోజు పొద్దున్నే స్కూలు వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నా, ఎనిమిదింటిదాకా ఎవరూ రాలేదు, తర్వాత ఒక ముసలావిడ మనవణ్ణి చంకనేసుకుని వచ్చి, ఇంజెక్షన్ లేదు కదా అని మూడుసార్లు అడిగి, లేదని నమ్మకం కుదిరాక వెళ్ళి వాడంతా తీసుకొచ్చింది. పదకొండింటికల్లా ఐస్‌ప్యాకులు మార్చుకోవడానికి కూడా తీరిక లేదు.

జనం ఇష్టంగా వచ్చిన చోట పని తేలిక. రాని చోటే అసలు కథ. శంకర్‌పల్లి వైపు ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి కుటుంబాలు వచ్చేవి, పచ్చి ఇటుకలు పేర్చి మోకాలెత్తు గోడలు, పైన తాటాకో పట్టాయో, వంగి దూరాలి. ఒకసారి ఒక బట్టీలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, చెంపలు రెండు వేళ్ళతో మెల్లగా నొక్కితే నోరు సున్నాలా తెరుచుకుంటుంది, రెండు చుక్కలు, ఎడమ చిటికెన వేలి గోరు మీద మార్కర్‌తో గీత, ఇలా పంతొమ్మిది మందికి వేసి టాలీ షీట్ నింపుకుని బయల్దేరాం. దాహమేసి నీళ్ళకని ఒక గుడిసెలోకి తొంగి చూస్తే లోపల చీర ఉయ్యాల. పన్నెండు రోజుల పసిగుడ్డు. వాళ్ళు దాచలేదు, అంత చిన్న పిల్లకి కూడా వేస్తారని వాళ్ళకి తోచలేదు, మేం పిల్లలందరినీ తీసుకురండి అంటే నడిచే పిల్లల్ని తీసుకొచ్చారు. ఆ రోజు నుంచి మా టీములకి నేను చెప్పే మొదటి మాట, ఎంతమంది పిల్లలు అని అడక్కండి, ఉయ్యాల ఉందా అని అడగండి అని.

ఇలా దేశమంతా లక్షల మంది తిరిగితే, 2009లో 741 కేసులతో ప్రపంచంలో దాదాపు సగం పోలియో మన దగ్గరే ఉన్నది, 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరాలో ఒక పాప దగ్గర ఆగింది. రెండేళ్ళు కూడా నిండని ఆ పాపకి అంతకుముందు చుక్కలు పడలేదు. ఆ తర్వాత మన దేశంలో అడవి వైరస్‌తో ఒక్క కేసూ లేదు, 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. అడవి వైరస్ అంటే అడవిలో ఉండేది అని కాదు, మందులోది కానిది, అసలుది అని మా వాడుక.

ఇక మీ వారు చూపించిన మెసేజ్. దాన్ని మొత్తం అబద్ధం అని నేను అనను, అందులో గింజంత నిజం ఉంది, దాని చుట్టూ బండెడు పొట్టు చుట్టారు. చుక్కల్లో ఉన్నది బతికున్న వైరస్ కదా, చాలా అరుదుగా, దాదాపు 27 లక్షల డోసులకి ఒకటి చొప్పున, అదీ ఎక్కువగా మొదటి డోసుతో, ఆ మందు వైరస్ వల్లే కాలు పడిపోవచ్చు. అమెరికా 2000లో చుక్కలు ఆపేసింది ఇందుకే, అక్కడ అసలు వైరస్ పోయి ఈ అరుదైన కేసులే మిగిలాయి కాబట్టి. మీ పాప విషయంలో అయితే ముందే మూడు ఇంజెక్షన్లు పడ్డాయి, రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయి, కాబట్టి ఆ భయం ఇంచుమించు లేనట్టే. గవర్నమెంటు షెడ్యూల్లో కూడా 2015 చివర్నుంచి చుక్కలతో పాటు ఇంజెక్షన్ పెట్టారు, ఇప్పుడు 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి చిన్న డోసు ఇంజెక్షన్ వేస్తున్నారు. మా సర్వీసులో ఇంజెక్షన్ మంచిదా చుక్కలు మంచివా అని పోట్లాడుకునే డాక్టర్లని చూసా గానీ, నాకైతే రెండూ కావాలి అనేదే సబబుగా అనిపిస్తుంది.

రెండో ప్రమాదం ఊరికి సంబంధించింది. ఒక ప్రాంతంలో చాలామందికి టీకాలు పడకపోతే మందు వైరస్ ఆ పడని పిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి నెలలు, ఏడాది పైన తిరిగి తిరిగి, మెల్లగా మారిపోయి, పోయిన బలం మళ్ళీ తెచ్చుకుంటుంది. అందరికీ పడిన చోట దానికి అంతకాలం తిరిగే వీలుండదు. చుక్కల వల్ల పోలియో వస్తోంది కాబట్టి చుక్కలు మానేద్దాం అని ఊరంతా అనుకుంటే మెసేజ్‌లో రాసింది నిజమయ్యేది అప్పుడే.

ఇది హైదరాబాద్‌లో గుమ్మందాకా వచ్చింది, చాలామంది మర్చిపోయారు. పోలియోలో మూడు రకాలు, అందులో రెండో రకం అసలు వైరస్ 1999లో అలీగఢ్‌లో ఆఖరిసారి కనపడి ప్రపంచం నుంచే పోయింది, 2015లో ఆ మాట అధికారికంగా చెప్పారు. పోయినదానికి మందులో ఆ రకం ఉంచడం వల్ల నష్టమే గానీ లాభం లేదని 2016 ఏప్రిల్ 25న మన దేశమంతా పాత చుక్కలు వెనక్కి తీసేసుకుని, ఒకటి, మూడు రకాలే ఉన్న కొత్త చుక్కలు మొదలుపెట్టారు. నేను స్వయంగా పాత వయల్స్, అంటే మందు సీసాలు, లెక్కపెట్టి అప్పగించా. నెల తిరక్కుండానే అంబర్‌పేట మురుగునీళ్ళ శాంపిల్లో రెండో రకం మందు వైరస్, కాస్త మారినది, దొరికింది. చుక్కలేమో ఆ రకానివి దేశంలో లేవు. అప్పుడు ఇంజెక్షన్‌నే ఐదో వంతు డోసు, 0.1 మిల్లీ, చర్మం పైపొరలో వేయాలని నిర్ణయించి, జూన్ 20 నుంచి వారం రోజుల్లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ప్రమాదం ఎక్కువున్న బస్తీల్లో 6 వారాల నుంచి 3 ఏళ్ళలోపు పిల్లలకి 3 లక్షల 11 వేల మందికి వేసాం. పుట్టగానే వేసే బీసీజీ టీకా సిరంజి లాంటిదే, కుడి భుజం మీద పెసరగింజంత బొబ్బ లేస్తే సరిగ్గా పడ్డట్టు. ఇన్నేళ్ళూ చుక్కలే అని చెప్పి ఇప్పుడు సూదేంటి అని తల్లులు నిలదీసారు, వాళ్ళు అడిగిందీ న్యాయమే. ఒక్క పిల్లకీ కాలు పడిపోలేదు. ఆ వారంలో నేను పోగొట్టుకున్నది ఒక జత చెప్పులు, నా గొంతు.

దేశంలో పోలియో లేదు కదా, ఇంకా ఎందుకు అనే ప్రశ్న కూడా మీరు అడక్కపోయినా చెప్తా. పాకిస్తాన్‌లో, ఆఫ్ఘనిస్తాన్‌లో అసలు వైరస్ ఇంకా ఉంది. అది విమానం ఎక్కితే ఎవరికీ తెలియదు, 200 మందిలో 199 మంది నడుచుకుంటూ వచ్చేస్తారు కదా. ఆఫ్రికాలో మలావీ ఎక్కడ, పాకిస్తాన్ ఎక్కడ, పాకిస్తాన్ వైరస్ 2021లో మలావీలో ఒక పాపని పట్టింది. 2022లో న్యూయార్క్ పక్కన రాక్‌లాండ్ కౌంటీలో టీకా పడని ఒక కుర్రాడికి మారిపోయిన మందు వైరస్ వల్ల కాళ్ళు పడిపోయాయి. మన దగ్గర కూడా పదిహేనేళ్ళలోపు ఏ పిల్లాడికి ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడినా, పోలియో కాదని తెలిసినా సరే, రెండు సార్లు దొడ్డి శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపుతూనే ఉన్నారు.

ఇంక ఆదివారం సంగతి. జలుబు, కొద్దిపాటి జ్వరం ఉన్నా వేయించొచ్చు. విరేచనాలు ఉన్నా వేస్తారు, కాకపోతే ఆ డోసు సరిగ్గా పట్టకపోవచ్చు కాబట్టి తగ్గాక ఇంకోటి అడగండి. వేసిన వెంటనే ఉమ్మేస్తే మళ్ళీ వేయమనండి, మొహమాటపడకండి, ఎక్కువైపోతుందన్న భయం లేదు. కాస్త చేదుగా ఉప్పగా ఉంటుంది, మొహం చిట్లిస్తుంది, పాలు పట్టొచ్చు. వయల్ మీద లేబుల్ దగ్గర చిన్న గుండ్రం, దాని మధ్యలో చదరం ఉంటుంది, ఆ చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా తెల్లగా ఉంటే మందు బాగున్నట్టు, చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతే వేడికి పాడైనట్టు. చూపించమని అడగండి, మంచి టీమ్ అయితే సంతోషంగా చూపిస్తుంది. ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపం ఉన్నా, కీమో లాంటి మందులు వాడుతున్నా మాత్రం ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి, అలాంటి ఇళ్ళలో చుక్కలు వద్దంటారు. ఇవి అదనం మాత్రమే, పాపకి ఏడాదిన్నర దగ్గర రావాల్సిన బూస్టర్ ఇంజెక్షన్ మానకండి.

వాచ్‌మన్ పిల్లల గురించి రాసారు కదా. వాళ్ళు ఆడేది మీ లిఫ్ట్ దగ్గరే, మీ పాప నేల మీద పాకేదీ అక్కడే. వాళ్ళ అమ్మ ఆదివారం పొద్దున్న నాలుగిళ్ళలో పని చేసుకుని వచ్చేసరికి బూత్ టైమ్ అయిపోతుంది చాలాసార్లు, సోమవారం మా వాళ్ళు ఇంటింటికీ వచ్చేసరికి మళ్ళీ పనిలో ఉంటుంది, తాళం చూసి గోడ మీద సుద్దముక్కతో ఇంటూ మార్కు వేసి వెళ్తారు. మీరు ఎలాగూ వెళ్తారు కాబట్టి ఆవిణ్ణి అడిగి ఆ పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళండి. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే లైను ఉండదు, ఎండా ఉండదు.